లేవని రెండో గీత

హనుమకొండ
27 మార్చి 2021

చిన్నాయనకు రూతు వందనాలు.

నేను బాగానే ఉన్నాను. మాస్కు ఒరుసుకుని ముక్కు మీద తోలు లేచింది, అంతే. నువ్వెలా ఉన్నావో మాత్రం నువ్వు రాస్తేనే తెలుస్తుంది. ఫోన్ చేస్తే పక్కింటి జమాల్ మామ ఎత్తుతాడు. నేను చెప్పింది విని, పలక మీద రాసి నీకు చూపిస్తాడు. ముప్ఫై ఎనిమిదేళ్లు సిగ్నల్ మెయింటెయినర్‌గా ఇంజన్ కూతల మధ్య పనిచేసి నువ్వు చెవులు అక్కడే వదిలేసి వచ్చావు. ఆయన అదే స్టేషన్లో పట్టాలు మార్చే పాయింట్స్‌మన్‌గా చేసి కూడా చెవులు దక్కించుకున్నాడు. మంచి మనిషే, కాదనను. కానీ నీకు చెప్పే ప్రతి మాటా ముందు ఆయనకు, తర్వాత ఫాతిమా అత్తకు, ఆఖరికి నీకు తెలుస్తుంది. మెసేజ్ పెడదామంటే నీ బటన్ ఫోన్‌లో తెలుగు డబ్బాలు డబ్బాలుగా కనబడుతుంది. అందుకే ఈ ఉత్తరం. మన బజారు మతీన్ అన్న రేపు గూడ్సు గార్డుగా కాజీపేట నుంచి అటు వస్తున్నాడు, ఆయన చేతికిస్తున్నాను.

ల్యాబ్ గురించి అడిగావు. రోజుకు వెయ్యికి పైగా శాంపిళ్లు వస్తున్నాయి. ముక్కులోంచి తీసిన పుల్ల ట్యూబులో వస్తుంది, దాన్ని శుద్ధి చేసి మిషన్‌లో పెడతాం. వైరస్ ఉంటే కంప్యూటర్ తెర మీద రెండు గీతలు పైకి లేస్తాయి. లేకపోతే రెండూ నేలబారుగా పడుకుంటాయి. ఇన్నాళ్లూ లేస్తే రెండూ లేచేవి, పడుకుంటే రెండూ పడుకునేవి. ఈ వారం కొన్నిటిలో ఒకటి జోరుగా లేస్తోంది, రెండోది కదలనైనా కదలడం లేదు. మా ఇన్‌చార్జి విజయలక్ష్మి మేడంకు చూపించాను.

"రెండూ లేస్తేనే పాజిటివ్ రూతూ. ఒక్కటి లేస్తే లెక్కకు రాదు. నెగెటివ్ రాసెయ్యి, అవతల ఐదొందలు పెండింగ్ ఉన్నయ్" అంది.

రాసేశాను. రాశానే గానీ మనసు ఒప్పుకోలేదు. ఒక్కటే లేస్తే మళ్లీ పరీక్ష చేయమని కిట్టుతో వచ్చిన పుస్తకంలో ఉంది. మళ్లీ చేయడానికి మనుషులేరీ? మా పదకొండు మందిలో నలుగురు జ్వరంతో ఇంట్లో ఉన్నారు.

ఈస్టర్‌కు రాలేను, సెలవులన్నీ రద్దు చేశారు. బీపీ మాత్ర మానకు.

నీ బిడ్డ,
రూతు

డోర్నకల్
30 మార్చి 2021

రూతు బిడ్డకు చిన్నాయన దీవెనలు.

నీ ఉత్తరాన్ని మతీన్ టిఫిన్ డబ్బా కింద పెట్టుకొచ్చాడు. సగం అక్షరాలకు పప్పు అంటింది. మిగతా సగం చదివాను. ముక్కుకు కొబ్బరి నూనె రాయి.

గీతల సంగతి నా బుర్రకు ఎక్కలేదు. ఆ మేడం ఏదో తెలిసే చెప్పి ఉంటుంది. నువ్వు చిన్నప్పటి నుంచీ అంతే. ఎనిమిదో తరగతిలో లెక్కల పుస్తకం వెనకాల వేసిన జవాబు తప్పని మాస్టారుతో కొట్లాడావు. మీ నాయన పోయాక నీ తరఫున బడికి పోయి తల వంచుకుని నిలబడ్డవాణ్ణి నేను. ఆ జవాబు నిజంగానే తప్పని తర్వాత తేలిందనుకో, అది వేరే సంగతి. పెద్దవాళ్లతో జర చూసుకుని మాట్లాడు.

ఇక్కడొక మంచి కబురు. జమాల్ బిడ్డ మహెక్ పెళ్లి ఖాయమైంది. ఏప్రిల్ 11, ఆదివారం. రంజాన్ నెల మొదలయ్యే లోపల చేసేయాలని తొందర. మరిపెడలో ఫంక్షన్ హాలు మాట్లాడారు, నాలుగు వందల మందిని పిలుస్తున్నారు. మధ్యలో జమాల్‌కు జ్వరం, దగ్గు పట్టుకుని మమ్మల్ని హడలగొట్టాడు. ఫాతిమా బేగం పోరు పడలేక స్టేషన్ దగ్గర కలెక్షన్ సెంటర్లో ముక్కు చూపించుకున్నాడు. శాంపిల్ మీ ల్యాబ్‌కే వచ్చిందట. నెగెటివ్! కాగితం కింద నీ సంతకం చూసి ఎంత మురిసిపోయాడో. ప్లాస్టిక్ కవరులో పెట్టి వచ్చిన వాళ్లందరికీ చూపిస్తున్నాడు. "మన రూతు రాసింది, ఇగ ఫికర్ లేదు" అని పలక మీద రాసి నాకూ చూపించాడు.

నిరుడు ఈ రోజుల్లో ఆ ఇంటికి ఏం జరిగిందో నీకు తెలుసు. రోగం సాయిబులే తెచ్చారని టీవీల్లో విని, పాలవాడు కూడా ఆ గుమ్మం ముందు సైకిలు ఆపలేదు. ఆ కాగితం ఆయనకెంత ధైర్యమో నువ్వే అర్థం చేసుకో. రోజూ సాయంత్రం ఒకే బెంచీ మీద కూర్చుని టీ తాగుతున్నాం.

దీవెనలతో,
సుందర్ రావు

హనుమకొండ
1 ఏప్రిల్ 2021

చిన్నాయనకు,

ఎక్కువ రాయడానికి వీల్లేదు. జమాల్ మామను వెంటనే ఇంకోచోట పరీక్ష చేయించుకోమను. మా ల్యాబ్‌లో వద్దు, ప్రభుత్వ సెంటర్లో చేయించుకోమను. అప్పటిదాకా ఆయన ఒక గదిలో విడిగా ఉండాలి. నువ్వు ఆ బెంచీ మీద కూర్చోవడం ఈ రోజే మానెయ్యి. పెళ్లి పిలుపులకు ఆయన ఎక్కడికీ పోకూడదు.

ఎందుకని అడగొద్దు. పేషెంట్ల సంగతి బయట చెప్పకూడదని ఉద్యోగంలో చేరేటప్పుడు సంతకం పెట్టాను. ఫోన్ చేస్తే ఎత్తేది ఆయనే, అందుకే నీకు రాస్తున్నాను. నలుగురిలో అనకు. చెవిలో చెప్పు.

రూతు

డోర్నకల్
3 ఏప్రిల్ 2021

రూతుకు,

చెవిలో చెప్పమన్నావు. చెవిలోనే చెప్పాను. నిన్న గుడ్ ఫ్రైడే ఆరాధన ముగించుకుని వచ్చి, జమాల్‌ను గోడ దగ్గరకు పిలిచి, చెవి దగ్గర నోరు పెట్టి గుసగుసగా చెప్పాను. నా గొంతు నాకు వినబడదు కదా. గుసగుస అనుకున్నది గుసగుస కాలేదు. నేను తల ఎత్తేసరికి ఎదురింటి వాళ్లు గుమ్మంలో ఉన్నారు, కుళాయి దగ్గర ఆడవాళ్లు బిందెలు వదిలేసి చూస్తున్నారు. "నీకు రోగం ఉందట, రూతు రాసింది" అన్నది బజారు చివర కిరాణా కొట్టు దాకా వినబడిందట.

సాయంత్రానికి పాలవాడు మానేశాడు. ఈ రోజు పొద్దున మహెక్‌కు గోరింటాకు పెట్టడానికి వస్తానన్న అమ్మాయి రానంది.

జమాల్ ఇంట్లోకి పోయాడు. పలక తెచ్చి రాశాడు. "లోకమంతా గట్లనే అన్నది. నీ బిడ్డ గూడ గట్లనే అన్నదా?" అని. రాసి, చెరిపేసి, లోపలికి పోయాడు. ఇంక ఆ పలక నాకు ఇవ్వలేదు.

నాకు నువ్వే జవాబు చెప్పాలి. నీ సంతకంతో నెగెటివ్ అని కాగితం ఇస్తావు. నాలుగు రోజులకు రోగం ఉందంటావు. కారణం చెప్పనంటావు. ఎవరి మాట విని ఇలా రాశావు? నిరుడు జనం కూసిన కూతలే నీ ల్యాబ్‌లోనూ కూస్తున్నారా? నువ్వు అలాంటి పిల్లవు కాదని నాకు తెలుసు. తెలిసీ అడుగుతున్నాను, ఎందుకంటే ఆయన ముఖం చూసింది నేను. నేను పెంచిన పిల్ల వల్ల ఆయన అలా తలదించుకుని పోవడం నాకు చాలా బాధగా ఉంది.

సుందర్ రావు

హనుమకొండ
5 ఏప్రిల్ 2021

చిన్నాయనా,

నీ ఉత్తరం చదివి బాత్రూంలోకి పోయి ఏడ్చాను. ముందు నీ మీద కోపం వచ్చింది. తర్వాత తప్పు నాదే అనిపించింది. కారణం చెప్పకుండా ఒకరిని ఇంట్లో కూర్చోమంటే, నిరుడు అంత పడ్డ మనిషి ఇంకేమనుకుంటాడు? ఉద్యోగం పోతే పోయింది, అంతా రాస్తున్నాను.

వైరస్ అంటే ముప్ఫై వేల అక్షరాల పొడుగు రాత అనుకో. ఒక మనిషి నుంచి ఇంకో మనిషికి పోతూ అది తన రాతను తానే నకలు తీసుకుంటుంది. నకలు తీసేటప్పుడు ఒక్కోసారి అక్షరం మారిపోతుంది. మా కిట్టు ఆ రాతంతా చదవదు. రెండు చోట్ల మాత్రమే, ముందే తెలిసిన కొన్ని అక్షరాలు ఉన్నాయా అని వెతుకుతుంది. దొరికితే ఒక్కోదానికి ఒక్కో గీత లేస్తుంది. వెతికే చోటే అక్షరాలు మారిపోతే? వైరస్ అక్కడే ఉంటుంది, గీత మాత్రం లేవదు.

వైరస్ తక్కువగా ఉండి ఒక్కటే లేచింది అనుకుందామంటే, అప్పుడు లేచిన గీత కూడా నీరసంగా, ఆలస్యంగా లేవాలి. ఇవి అలా కాదు. మొదటి గీత చాలా తొందరగా లేస్తోంది. అంటే ఒంట్లో వైరస్ కుప్పలుగా ఉందన్నమాట. మార్చి 22 నుంచి రిజిస్టరు తిరగేశాను. ఇలాంటివి పదిహేడు. అన్నీ మీ వైపువే, డోర్నకల్, మరిపెడ, మధ్యలోని ఊళ్లవి. పదిహేడు మందికీ నెగెటివ్ అని కాగితాలు పోయాయి. అందులో ఆరు కాగితాల మీద నా సంతకం ఉంది. జమాల్ మామది అందులో ఒకటి.

మేడంకు మళ్లీ చెప్పాను. "శాంపిళ్లు కలుపుకున్నవా ఏంది? నీ చేతులల్లనే ఏదో గడబిడ ఉన్నది" అంది. నా చేతులైతే మిగతా పదకొండు ఎవరి చేతులు? అవి వేరేవాళ్లు చేసినవి కదా. అది అడిగితే, "నాతో వాదించుకుంట కూసుంటే పని ఎవరు జేస్తరు" అంది. ఆమె చెడ్డది కాదు చిన్నాయనా. రెండు నెలలుగా ఒక్క ఆదివారం ఇంట్లో ఉండలేదు. కానీ ఆమె అలిసిపోయిందని పదిహేడు మందిని వదిలేయలేను కదా.

నెగెటివ్ ట్యూబులను ఒక వారం ఉంచి, ఆ తర్వాతి శనివారం పసుపు సంచిలో వేసి కాల్చడానికి పంపేస్తారు. మళ్లీ చేయాల్సినవి మాత్రం ఫ్రీజర్లో ఉంచుతారు. మొన్న శనివారం ఆ పదిహేడు మూతల మీదా "రిపీట్" అని మార్కరుతో రాసి పక్కకు పెట్టాను. ఎవరినీ అడగలేదు. ఇప్పుడేం చేయాలో తెలియడం లేదు.

ఈ ఉత్తరం జమాల్ మామకు చూపించు. పూర్తిగా చదవనివ్వు. నువ్వు కూడా పరీక్ష చేయించుకో.

రూతు

డోర్నకల్
7 ఏప్రిల్ 2021

రూతు బిడ్డకు,

నిన్ను అనరాని మాట అన్నాను. ముసలోడికి చెవులతో పాటు బుద్ధి కూడా మందగించిందనుకుని వదిలెయ్యి.

నీ గీతల సంగతి ఈసారి బాగా ఎక్కింది, ఎందుకంటే అది నా పనే. సిగ్నల్ దీపం వెలగకపోతే డ్రైవరు ఏమనుకోవాలి? "ఎర్ర దీపం కనబడలేదు కదా, దారి బాగానే ఉంది" అనుకోవాలా? రైల్వేలో రూలు ఉంది. వెలగాల్సిన దీపం వెలగకపోతే దాన్ని ఎర్ర సిగ్నల్‌గానే చూడాలి. బండి ఆపాలి. తర్వాతే బల్బు మాడిందా, తీగ తెగిందా అని నాలాంటి వాడు పోయి చూస్తాడు. తొంభై నాలుగులో వానలకు అవుటర్ సిగ్నల్ దీపం ఆరిపోయింది. బల్బే పోయి ఉంటుంది, మెల్లగా పోనిద్దామన్నాడు అసిస్టెంటు. డ్రైవరు ఒప్పుకోక ఆపేశాడు. నేను పోయి చూస్తే కట్ట కూలి కేబులే తెగిపోయింది, ముందు లైను మీద బొగ్గు బండి నిలబడి ఉంది. ఆ రోజు బండి ముందు ఎర్ర జెండా పట్టుకుని వానలో రెండు గంటలు నిలబడ్డది ఎవరనుకున్నావు? జమాలే.

నీ ఉత్తరం తీసుకుని వాళ్ల గోడ దగ్గరకు పోయాను. తలుపు తీయలేదు. ఫాతిమా బేగం కిటికీలోంచి చేయి చాపి అందుకుంది. గంట తర్వాత పలక బయటికి వచ్చింది. "నేను రైలును గాను" అని రాసి ఉంది. మంకుపట్టు మనిషి. నేను దాని కిందే రాశాను, "ఎనక నాలుగొందల మంది ఎక్కిన్రు" అని.

ఇంక నీ సంగతి. ఏం చేయాలో తెలియడం లేదన్నావు. మా దగ్గర ఫెయిల్యూర్ రిజిస్టరు ఉండేది. లోపం కనబెట్టినవాడు ఏం చూశాడో, ఎన్ని గంటలకు చూశాడో రాసి, కింద తన పేరు వేయాలి. పై ఆఫీసరు ఒప్పుకున్నాడా లేదా అన్నది తర్వాత మాట. నోటితో చెప్పింది ఎవరూ పట్టించుకోరు. నువ్వూ అలాగే రాయి. మీ మేడం మీద ఫిర్యాదులా రాయకు. చూసింది చూసినట్టు రాయి, పేరు దాచుకోకు.

నా పరీక్ష నెగెటివ్. ప్రభుత్వ సెంటర్లోనే చేయించుకున్నాను. రెండు గీతలూ పడుకున్నాయా అని అడిగితే అక్కడి పిల్ల నన్ను వింతగా చూసింది.

నీ చిన్నాయన

హనుమకొండ
9 ఏప్రిల్ 2021

చిన్నాయనకు వందనాలు.

రాశాను. జిల్లా వైద్యాధికారికి రెండు పేజీలు. పదిహేడు శాంపిళ్ల నంబర్లు, తేదీలు, ఏ గీత ఎప్పుడు లేచింది, ఏది లేవలేదు, ట్యూబులు ఎక్కడ ఉన్నాయి అన్నీ రాశాను. అందులో నేను సంతకం పెట్టిన ఆరింటి కింద గీత గీశాను, నా తప్పు కూడా కనబడాలని. పంపే ముందు మేడంకు ఒక కాపీ ఇచ్చాను. వెనక నుంచి రాసిందన్న మాట నాకొద్దు.

ఆమె నిలబడే చదివింది. "నువ్వు చేసిన పని ఎంత దూరం పోతదో ఎరుకేనా? రేపు మన రిపోర్ట్ ఎవడన్న నమ్ముతడా? మిగతా ల్యాబులన్నీ నోరు మూసుకున్నయ్, మనం ఒక్కలం తప్పు జేసినమని ఒప్పుకుంటే మునిగేది మనమే" అంది. "నమ్మి మోసపోవుడు కన్న నమ్మకపోవుడే నయం కద మేడం" అన్నాను. రేపటి నుంచి రావద్దంది. యాజమాన్యంతో మాట్లాడాకే చెబుతుందట.

గేటు దాకా వచ్చి మళ్లీ వెనక్కి పోయాను. ట్యూబులు ఫ్రీజర్లో ఉన్నాయి, రేపు శనివారం. నేను లేకపోతే పసుపు సంచిలో వేసేస్తారు. వైద్యాధికారి ఆఫీసుకు ఫోన్ చేసి, ఎవరో ఒకరు వచ్చి పట్టుకుపోయేదాకా రిసెప్షన్లో కుర్చీ వేసుకుని కూర్చున్నాను. వాచ్‌మన్ రెండుసార్లు లేచి పొమ్మన్నాడు, లేవలేదు. నాలుగింటికి ఐస్ డబ్బాతో ఒక జీపు వచ్చింది. పదిహేడూ లెక్కపెట్టి, సంతకం తీసుకుని ఎక్కించాను. వేరే కిట్టుతో మళ్లీ చేస్తారు, కొన్నిటిని మొత్తం రాత చదివించడానికి హైదరాబాదు పంపుతారు.

భయంగా ఉంది చిన్నాయనా. ఒకవేళ మేడం అన్నట్టు నా చేతుల్లోనే తప్పుంటే, పెళ్లి పాడుచేసిన దాన్ని అవుతాను. ఆయన మళ్లీ చేయించుకున్నాడా?

రూతు

డోర్నకల్
12 ఏప్రిల్ 2021

రూతు బిడ్డకు,

నీ చేతులు బంగారం. మొన్న తొమ్మిదో తారీఖున ఫాతిమా బేగమే జమాల్‌ను ఆటో ఎక్కించి ప్రభుత్వ సెంటర్‌కు తీసుకుపోయింది. పాజిటివ్ వచ్చింది.

ఆ సాయంత్రం వాళ్లింట్లో పెద్ద గొడవ. నాకు వినబడలేదు కానీ కిటికీలోంచి చేతులు ఊగడం కనబడింది. మహెక్ ఏడ్చింది. పెళ్లి వాయిదా వేస్తే రంజాన్ అయ్యేదాకా ఆగాలి, అప్పటికి ఎవరుంటారో ఎవరు పోతారో అని జమాల్ పట్టుదల. చివరికి ఫాతిమా బేగం తేల్చేసింది. ఆమె అన్నది మతీన్ నాకు రాసి చూపించాడు. "షాదీ అంటె పిల్ల ఒప్పుకున్ననని కుబూల్ అనుడు. గంత మాటకు నాలుగొందల మంది ఎందుకు? మంది తినకపోతే నా బిడ్డ లగ్గం ఆగుతదా?" అందట.

నిన్న వాళ్ల వాకిట్లోనే నిఖా అయింది. మరిపెడ నుంచి పిల్లగాడితో కలిపి నలుగురే వచ్చారు. ఖాజీ గారు వేపచెట్టు కింద కుర్చీలో దూరంగా కూర్చున్నారు. జమాల్ గది తలుపు బయటి నుంచి గడియ వేసి ఉంది. కిటికీ ఊచలు పట్టుకుని, మాస్కు పెట్టుకుని నిలబడ్డాడు. నేను మా గోడ అవతల నుంచే చూశాను. కుబూల్ అన్నది నాకు వినబడలేదు, ఆ పిల్ల తల వంచడం కనబడింది. అప్పుడు జమాల్ మాస్కు కిందికి లాగి ముఖం తుడుచుకున్నాడు. నేను మాస్కు పైకి పెట్టుకో అని అరిచాను. ఈసారి కావాలనే అరిచాను.

ఫంక్షన్ హాలు వాళ్లకు, వంటవాళ్లకు, నాలుగు వందల మందికీ ఫోన్లు చేసి వద్దని చెప్పింది మహెకే. పెళ్లికూతురు తన పెళ్లికి రావద్దని ఫోన్లు చేయడం నేనెక్కడా చూడలేదు.

జమాల్‌కు ఈ పొద్దున ఆయాసం ఎక్కువైంది. మహబూబాబాద్ దవాఖానకు తీసుకుపోయారు. ప్రార్థన చెయ్యి.

చిన్నాయన

హనుమకొండ
25 ఏప్రిల్ 2021

చిన్నాయనకు వందనాలు.

జమాల్ మామ ఆక్సిజన్ మీద ఉన్నాడని మతీన్ అన్న చెప్పాడు. రోజూ పొద్దున లేవగానే ఆయన కోసమే ప్రార్థన చేస్తున్నాను.

ఫలితాలు వచ్చాయి. వేరే కిట్టుతో చేస్తే పదిహేడూ పాజిటివ్. హైదరాబాదులో అయిదింటి రాత మొత్తం చదివారు. అయిదింటిలోనూ మా కిట్టు రెండో గీత కోసం వెతికే చోటే అక్షరాలు మారి ఉన్నాయి. మీ వైపు ఒకరి నుంచి ఒకరికి పాకిన వైరస్ అది. అన్ని ల్యాబులకూ కబురు పోయింది, ఒక్క గీత లేచినా నెగెటివ్ రాయకూడదని.

మేడం పిలిపించింది. పదిహేడు కొత్త రిపోర్టులు టేబుల్ మీద పెట్టుకుని కూర్చుంది. ఒక్కొక్కటే సంతకం చేసింది. మధ్యలో ఆగి, "ఇందుల ఇద్దరు లేరు రూతూ" అంది. నాకు తెలుసు. మరిపెడ దగ్గర ఒకాయన, డోర్నకల్ అవతల ఒక టీచరు. నెగెటివ్ అని కాగితం ఉంది కాబట్టి దవాఖానలో వారం ఆలస్యంగా చేర్చుకున్నారు. ఆ టీచరు పాత కాగితం మీద సంతకం నాది. దీన్ని నేను మర్చిపోలేను, మర్చిపోవాలని కూడా లేదు.

ఆమె ఉద్యోగంలోకి మళ్లీ రమ్మంది. రానన్నాను. మరిపెడ మండలంలో ఊరూరా తిరిగి శాంపిళ్లు తీసే వ్యానుకు మనుషులు కావాలన్నారు, అందులో చేరాను. పదిహేడు కాగితాలూ నా సంచిలో పెట్టుకున్నాను. పోస్టులో పంపుతామన్నారు, నేనే ఇస్తానని అడిగి తీసుకున్నాను. తప్పు కాగితం మా దగ్గర నుంచి పోయింది, సరైనది కూడా మనిషే పట్టుకుపోవాలి. జమాల్ మామది ఈ ఉత్తరంతో పంపుతున్నాను, మిగతావాటికి పదిహేను ఇళ్లు తిరిగాను. కొందరు తిట్టారు. ఆ టీచరు భార్య కాగితం అందుకుని మంచినీళ్లు ఇచ్చింది.

ఒక్కటే మిగిలింది. పూలమ్మ, యాభై ఎనిమిదేళ్లు. ఆమె పేరు ముందున్న ఫోన్ నంబరు కూలీల మేస్త్రిదట. నేను ఎవరో చెప్పగానే పెట్టేస్తున్నాడు.

రూతు

డోర్నకల్
29 ఏప్రిల్ 2021

రూతు బిడ్డకు,

జమాల్ ఇంటికొచ్చాడు. సగమయ్యాడు కానీ వచ్చాడు. మంచం మీద నుంచే పలక అడిగి నీకేదో రాస్తానన్నాడు. చాలాసేపు బలపం పట్టుకుని, ఏమీ రాయకుండా నాకే ఇచ్చేశాడు. బాగయ్యాక నువ్వు వస్తే బిర్యానీ పెడతానని ఫాతిమా బేగం అంది. కోపం పోయిందనుకో.

నా మాట ఒకటి విను. ఆ పూలమ్మ సంగతి వదిలెయ్యి. నెల దాటింది. ఉంటే బాగై ఉంటుంది, లేకపోతే లేదు. ఇప్పుడా కాగితం ఆమెకు ఏం పనికొస్తుంది? ఎండలు మండుతున్నాయి, నువ్వు చిక్కి సగమయ్యావని మతీన్ చెప్పాడు. చేయగలిగినంత చేశావు. ఒక వారం వచ్చి ఇక్కడ పడుకో.

దీవెనలతో,
చిన్నాయన

మరిపెడ
6 మే 2021

చిన్నాయనకు వందనాలు.

నీ మాట వినలేదు. కోప్పడకు.

నిన్న పూలమ్మ దొరికింది. మరిపెడకు ఆరు కిలోమీటర్ల అవతల కల్లంలో ఎర్రటి మిర్చి కుప్పల మధ్య కూర్చుని రంగు పోయిన తాలు కాయలు ఏరుతోంది. బతికి ఉంది. నేనూ ఆ కుప్ప పక్కనే కూర్చున్నాను. నేను ల్యాబ్ నుంచి వచ్చానంటే నమ్మలేదు, ఓట్లకొచ్చానా అని అడిగింది.

కాగితం ఇచ్చి అంతా చెప్పాను. ఆమె చదువుకోలేదు. అక్షరాల మీద వేలు పెట్టి, "గిందుల నాకు జరమొచ్చినట్టే ఉన్నదా?" అని అడిగింది. ఉందన్నాను.

"పన్నెండు దినాలు జరం ఇడువలే బిడ్డా. లేవరాలే. గా కాయితం జూసి మా కోడలు నటిస్తాందన్నది. మేస్త్రి పనిదొంగ అన్నడు. మిరపగాయ ఘాటుకు దగ్గుతాంది, రోగం లేదు గీగం లేదని అయిదో నాడే గుంజుకొచ్చి గీడ కూసోవెట్టిండు. నాకే అనుమానమొచ్చింది, నిజంగనే నాకేం గాలేదేమో, నేనే నటిస్తాన్ననేమో అని."

నువ్వు అడిగావు కదా, ఆ కాగితం ఇప్పుడు ఆమెకేం పనికొస్తుందని. ఆమె దాన్ని నాలుగు మడతలు పెట్టి రొండిన దోపుకుంది. తర్వాత నా చేయి పట్టుకుని లేచింది. "మేస్త్రి గా ట్రాక్టర్ కాడ ఉన్నడు. నేను జెబితే నమ్మడు, నువ్వు జెప్పు దా" అంది.

పోయాను. అందరూ ఏరడం ఆపి చూస్తున్నారు. "ఆమెకు వచ్చింది నిజమైన జ్వరమే. తప్పు మా కాగితానిది" అని మేస్త్రికి చెప్పాను. పూలమ్మ నా పక్కన నిలబడి, నేను చెప్పే ప్రతి మాటకూ ఆయన ముఖంలోకే చూసింది. ఆయన పక్కకు తిరిగి దగ్గాడు. ఆయన వెనక ఇంకో ఇద్దరు దగ్గారు.

వ్యాను నుంచి పెట్టె తెప్పించాను. కల్లంలో పద్నాలుగు మంది ఉన్నారు. మేస్త్రి వద్దన్నాడు. పూలమ్మ అందరికంటే ముందు వచ్చి నా ముందు కూర్చుని, ముక్కు పైకెత్తి, "తియ్యి బిడ్డా" అంది. ఆమె తర్వాత మిగతా వాళ్లు ఒక్కొక్కరే వచ్చారు. ఆఖర్న మేస్త్రి వచ్చాడు.

పద్నాలుగు ట్యూబుల మీదా పేర్లు నేనే రాశాను. ఈసారి ఒక్కొక్కరి ఇల్లెక్కడో కూడా రాసుకున్నాను.

నీ బిడ్డ,
రూతు